కంప్యూటరు జ్ఞాపకంలో సరిహద్దు రాళ్ళు

ఒక గ్రామంలోని పొలాల సరిహద్దులు రెండు పుస్తకాలలో వ్రాసి ఉన్నాయనుకుందాం. కరణం వద్దనున్న పుస్తకం ప్రకారం ఒక పొలం తుమ్మచెట్టు వరకు సాగుతుంది. తాలూకా కచేరీలోని నకలు ప్రకారం అదే పొలం చెట్టుకు నాలుగు గజాల ఇవతలే ముగుస్తుంది. పుస్తకాలు బీరువాలలో ఉన్నంతకాలం ఏ చిక్కూ లేదు. ఆ నాలుగు గజాలలో ఇద్దరు రైతులు విత్తనం చల్లిననాడు తగాదా మొదలవుతుంది. కంప్యూటరు లోపల కూడా ఇటువంటి భూమి ఒకటి ఉంది. దానికొక పటమూ ఉంది. ఆ పటాన్ని చక్కబెట్టే పని పైకి కనిపించనిదే అయినా, చాలా ముఖ్యమైనది.

కంప్యూటరు మెమొరీని గదులు వరుసగా కట్టిన వీధిగా ఊహించవచ్చును. ఒక్కొక్క గదిలో ఒక బైటు సమాచారం ఇముడుతుంది. ప్రతి గదికీ ఒక సంఖ్య ఉంటుంది. అదే దాని చిరునామా. 32 బిట్ల చిరునామాలతో ఇటువంటి గదులను 4,29,49,67,296 వరకు, అనగా 4 గిగాబైట్ల వరకు, లెక్కించవచ్చును. ఈ వీధిలో ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నెల్. గింజలోని పప్పు వంటిది గనుక దానికా పేరు. ఏ చిరునామా నుండి ఏ చిరునామా వరకు ఏ పనికి కేటాయించాలో తెలిపే పట్టికనే మెమొరీ పటం అంటారు.

ఇటువంటి కేటాయింపులు ఎంతకాలం వెంటాడుతాయో పర్సనల్ కంప్యూటర్ల చరిత్రే చెబుతుంది. 1981లో వెలువడిన ఐబిఎమ్ పి.సి.లోని 8088 ప్రాసెసరుకు 1 మెగాబైటుకు మించి చిరునామాలు లేవు. అందులో 640 కిలోబైట్లను ప్రోగ్రాములకు, మిగిలిన 384 కిలోబైట్లను తెరకు, బయాస్‌కు, ఇతర పరికరాలకు కేటాయించారు. ఆనాటికి అది ఉదారమైన పంపకమే. అయితే వేలాది ప్రోగ్రాములు ఆ హద్దును నమ్ముకొని తయారైనందున, తరువాత మెమొరీ చౌకగా లభించినప్పటికీ డాస్ వాడుకదారులు ఏళ్ళ తరబడి ఆ గోడ లోపలే ఇరుకుగా సర్దుకోవలసి వచ్చింది.

1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లైనక్స్ కెర్నెల్‌కు కూడా ఇటువంటి పటం ఉంది. 32 బిట్ల యంత్రాలపై దాని సాధారణమైన ఏర్పాటులో దిగువ 3 గిగాబైట్లు ప్రోగ్రాములకు, పైనున్న 1 గిగాబైటు కెర్నెల్‌కు చెందుతాయి. ఆ ఒక్క గిగాబైటులో మళ్ళీ వాటాలు ఉన్నాయి. అసలు మెమొరీని నేరుగా చూపే భాగం ఒకటి; చెల్లాచెదురుగా ఉన్న పేజీలను వరుసగా ఉన్నట్లు కూర్చి చూపే ‘వీమాలక్’ భాగం ఇంకొకటి. ఇవి నిజమైన గదుల సంఖ్యలు కావు. కెర్నెల్ కల్పించిన ఈ సంఖ్యలను అసలు గదుల సంఖ్యలుగా మార్చే యంత్రాంగం ప్రాసెసరులోనే ఉంటుంది.

సెల్‌ఫోనులలో విరివిగా వాడే ఏఆర్‌ఎమ్ ప్రాసెసర్ల విషయంలో చిక్కు ముదిరింది. పి.సి.లన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో పోసినవి. ఏఆర్‌ఎమ్ చిప్పులను తయారుచేసే సంస్థలు మాత్రం అనేకం. ఒకరి చిప్పులో మెమొరీ మొదలయ్యే చిరునామా వేరొకరి చిప్పులో ఉన్నట్లు ఉండదు. అందువలన లైనక్స్ సోర్సు కోడులో ఒక్కొక్క చిప్పు కుటుంబానికి ఒక్కొక్క డైరెక్టరీ ఏర్పడి, ఆ సంఖ్యలు ఎక్కడికక్కడ విడిగా నిర్వచింపబడినాయి. వీమాలక్ భాగం ఎక్కడ ముగియాలన్న ఒక్క విషయానికే పదుల సంఖ్యలో చిన్న చిన్న ఫైళ్ళు ఉండేవి. 2011 మార్చిలో టోర్వాల్డ్స్ ఏఆర్‌ఎమ్ కోడులోని గందరగోళంపై బహిరంగంగానే విసుగు ప్రకటించాడు.

ఇందులో ప్రమాదమేమిటి? ఒక ఫైలులో ఒక భాగపు అంతాన్ని పెంచి, వేరొక ఫైలులో పక్కభాగపు ఆరంభాన్ని మార్చడం మరచిపోతే, రెండు భాగాలూ కొంతమేర ఒకదానిపై ఒకటి పడతాయి. యంత్రం వెంటనే ఆగిపోతే అదృష్టమే. ఆగకుండా నడిస్తే ఒకరి లెక్కలపై ఇంకొకరి సమాచారం పడి, ఆ చెడిన లెక్కే డిస్కుపై భద్రమవుతుంది. దోషం బయటపడేది ఎన్నో రోజుల తరువాత, దానితో సంబంధం లేనిచోట.

చక్కబెట్టే పద్ధతి వినడానికి సులభమే. ప్రతి హద్దుకూ ఒక పేరుండాలి. దాని విలువ ఒక్కచోటనే వ్రాయాలి. మిగిలిన హద్దులను దాని నుండి లెక్కకట్టాలి: ఆరంభానికి పరిమాణాన్ని కలిపితే అంతం వస్తుంది గనుక, అంతాన్ని మళ్ళీ విడిగా వ్రాయనక్కరలేదు. ఒక భాగం మరొకదానిని దాటరాదన్న నియమాన్ని కోడులోనే వ్రాస్తే, అది తప్పిననాడు కంపైలరు కెర్నెల్‌ను తయారుచేయడానికే నిరాకరిస్తుంది. పేర్లు మాత్రమే మార్చిన సందర్భంలో, మార్పుకు ముందూ తరువాతా వచ్చిన యంత్రభాషను బైటు బైటుగా పోల్చి చూడవచ్చును. తేడా లేకుంటేనే పని సవ్యంగా జరిగినట్లు.

అయితే అర్థం లేనట్లు కనిపించే సంఖ్య వెనుక కూడా కారణం దాగి ఉండవచ్చును. 32 బిట్ల ఏఆర్‌ఎమ్ లైనక్స్‌లో మాడ్యూళ్ళను కెర్నెల్‌కు సరిగా దిగువన, సాధారణంగా 16 మెగాబైట్ల పరిధిలో ఉంచుతారు. ఆ ప్రాసెసరులోని శాఖా ఆజ్ఞ ఒక్క అంగలో 32 మెగాబైట్లకు మించి దూకలేకపోవడమే ఇందుకు కారణం. ఇది తెలియక ఆ హద్దును దూరంగా జరిపితే, మాడ్యూలు నుండి కెర్నెల్‌కు చేసే పిలుపు చేరదు. కనుక సంఖ్యతోపాటు దాని కారణాన్నీ పక్కనే వ్రాసి ఉంచడం అవసరం.

ఈ శ్రమ ఫలించింది. 2012 మార్చిలో వెలువడిన లైనక్స్ 3.3 నాటికి వీమాలక్ అంతపు హద్దు ఏఆర్‌ఎమ్ చిప్పులన్నింటికీ ఒకటే అయింది. బోర్డు వివరాలను కోడు నుండి తొలగించి, ‘డివైస్ ట్రీ’ అనే ప్రత్యేక వివరణపత్రంలో ఉంచసాగారు. అదే సంవత్సరం డిసెంబరులో వచ్చిన 3.7తో, వేర్వేరు కుటుంబాల ఏఆర్‌ఎమ్ చిప్పులపై ఒకే కెర్నెల్ నడిచే మార్గం ఏర్పడింది. 2014లో వచ్చిన 3.14తో, ఇంటెల్ రకపు ప్రాసెసర్లపై కెర్నెల్ యంత్రం లేచిన ప్రతిసారీ కొత్త చిరునామాలో కుదురుకొనే సదుపాయం కలిగింది. చొరబాటుదారులకు ఆచూకీ దొరకకుండా చేయడం దాని ఉద్దేశం. స్థిరమైన చిరునామాను కోడంతటా చల్లి ఉంచితే ఇటువంటిది సాధ్యం కాదు.

1990వ దశకం చివర వై2కె పనిపై అమెరికా చేరిన అనేకమంది తెలుగు ప్రోగ్రామర్లకు ఈ వ్యాధి కొత్తది కాదు. సంవత్సరానికి రెండంకెలు చాలునన్న నమ్మకం లెక్కలేనన్ని ప్రోగ్రాములలో ఎక్కడెక్కడో ఇంకిపోయింది. దానిని వెదకి తీయడమే ఆనాటి శ్రమ. 2000 జనవరి 1న పెద్ద ఉపద్రవమేదీ జరగకపోవడం చూసి, అసలు ప్రమాదమే లేదని అనుకున్నవారున్నారు. మెమొరీ పటాన్ని చక్కబెట్టేవారి కృషి ఫలితం కూడా అటువంటిదే. యంత్రం నిన్నటివలెనే నేడూ నడుస్తుంది. హద్దురాళ్ళను సరిచేసినవారెవరో వాడుకదారునికి తెలియదు.