మాంద్యకాలమున ప్రభుత్వము పన్ను హెచ్చింపవలెనా? వ్యయము తగ్గింపవలెనా?

వ్యాపారములు మందగించి, మగ్గములు నిలిచి, బజారులో బేరములు సన్నగిల్లిన కాలమున ప్రభుత్వమునకు రెండు కష్టములు ఒక్కమాఱుగా సంభవించును. పన్నుల రాబడి తగ్గును. సహాయమును కోరువారి సంఖ్య పెరుగును. అప్పుడు ఆర్థికమంత్రి యెదుట మూడు మార్గములుండును. అప్పు చేయుట యొకటి, పన్ను హెచ్చించుట రెండవది, వ్యయము తగ్గించుట మూడవది. కేంద్ర ప్రభుత్వమునకు మొదటి మార్గము విశాలమైనది. రాష్ట్ర ప్రభుత్వమునకు అట్లు కాదు. నోట్లు ముద్రించు అధికారము దానికి లేదు. అప్పులకు హద్దు కలదు. తమిళనాడులో 2003లో వచ్చిన ద్రవ్య బాధ్యతా చట్టము ఆ హద్దును శాసనముగనే నిర్ణయించినది. కావున రాష్ట్రములు తఱచుగా తక్కిన రెండింటిలో నొకదానిని ఎన్నుకొనవలసి వచ్చును.

ఇది మంత్రులకును, పండితులకును సంబంధించిన విషయము, మనకేల యని కొందఱు తల్లిదండ్రులు తలంపవచ్చును. కాని బిడ్డలను మాతృభాషలో చదివించుకొను మనవంటి వారికే ఈ విషయము ఎక్కువగా తగులుచున్నది. ఎట్లనగా, ముందు విషయమును వివరించి, తరువాత ఆ మాట చెప్పెదము.

గృహస్థుని లెక్క, ప్రభుత్వపు లెక్క

రాబడి తగ్గిన గృహస్థుడు వ్యయము తగ్గించుకొనును. అది వివేకమే. ఆతడు నెయ్యి కొనుట మానినంత మాత్రమున ఆతని జీతము తగ్గదు. ప్రభుత్వపు స్థితి వేఱు. ప్రభుత్వము వ్యయపఱచు ప్రతి రూపాయియు మఱియొకరికి ఆదాయము. ఉపాధ్యాయుని జీతములో కొంత బియ్యపు కొట్టునకును, కొంత బట్టల అంగడికిని చేరును. బట్టల వర్తకుడు గుడియాత్తము నేతగానికి లుంగీలకై ఆర్డరిచ్చును. నేతగాడు నూలు కొనును, అద్దకము వానికి కూలి యిచ్చును, బిడ్డకు పుస్తకము కొనును. ఆ మొదటి జీతమే నిలిచిపోయినచో ఈ గొలుసంతయు సడలును. వర్తకుని అమ్మకములు తగ్గి, వాటిపై వచ్చు పన్నును తగ్గి, ప్రభుత్వము మిగిల్చినదనుకొన్న సొమ్ములో కొంత మరల చేజారును.

పన్ను విషయమున లెక్క కొంచెము భిన్నమైనది. ఉదాహరణమునకు, ధనికుడొకడు వంద రూపాయలు అదనపు పన్నుగా చెల్లించెననుకొందము. ఆ వందలో నలుబది రూపాయలు ఆతడు ఎట్లును దాచియుండెడివాడే యైనచో, బజారునకు తగ్గునది అఱువది మాత్రమే. అదే వంద రూపాయలను బీడీలు చుట్టువారినుండియు, దినకూలీలనుండియు వసూలు చేసినచో, వారు దాచునది లేదు గనుక, ఇంచుమించు వందయు బజారునకు తగ్గును. పన్ను ఎంత యని అడుగుటతో చాలదు, ఎవరిపై యని కూడ అడుగవలెను.

మాంద్యమున ప్రజలు కొనుట మానినప్పుడు ప్రభుత్వము కూడ చేతులు ముడుచుకొనరాదని ఆంగ్లేయ ఆర్థికశాస్త్రజ్ఞుడు కీన్స్ 1936లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. నార్వే దేశీయుడు హావెల్మో 1945లో మఱియొక మెట్టు ముందునకు పోయి, పన్నుగా తీసికొన్న మొత్తమును పూర్తిగా వ్యయము చేసినచో, లోటు పెరుగకయే దేశాదాయము వృద్ధి పొందగలదని గణితముతో చూపెను. దీనికి ఎదురు వాదమును కలదు. ఇటలీ దేశీయుడు అలెసీనాయు ఆతని సహచరులును సంపన్న దేశముల అనుభవములను పరిశీలించి, పన్ను హెచ్చించుటకంటె వ్యయము తగ్గించుటయే ఉత్పత్తికి తక్కువ హాని చేసినదని తేల్చిరి. పన్నులు పెరిగినచో పెట్టుబడి పెట్టువారు వెనుకాడుదురని వారి మాట. అంతర్జాతీయ ద్రవ్యనిధికి చెందిన బ్లాంషార్, లీ అను ఇరువురు 2013లో ప్రకటించిన పరిశోధనలో, ఐరోపాలో లోటు తగ్గించుటకు పూనినందువలన కలిగిన నష్టమును ముందుగా తక్కువ అంచనా వేసిరని చూపిరి. పండితులలో ఏకాభిప్రాయము లేదు. అయినను మన ప్రాంతపు చరిత్రయే కొన్ని పాఠములను నేర్పగలదు.

1931: రెండును ఒక్కసారిగా

1929లో న్యూయార్కు షేర్ల బజారు కూలిన పిదప వచ్చిన మహామాంద్యము మద్రాసు రాజధానిని గట్టిగా తాకెను. వడ్ల ధర కొలది యేండ్లలో సుమారు సగమునకు పడిపోయెను. భూమిశిస్తు మాత్రము నగదు రూపమున నిర్ణయింపబడినది. ఒక బస్తా అమ్మి చెల్లించుచుండిన శిస్తునకు రైతు రెండు బస్తాలు అమ్మవలసి వచ్చెను. కాగితముపై పన్ను పెరుగలేదు. రైతు వీపుపై మాత్రము రెట్టింపయ్యెను.

1931 సెప్టెంబరులో భారత ప్రభుత్వ ఆర్థిక సభ్యుడు సర్ జార్జి షూస్టర్ అత్యవసర బడ్జెట్టును ప్రవేశపెట్టెను. ఉద్యోగుల జీతములలో నూటికి 10 వంతున కోత. ఆదాయపు పన్ను, దిగుమతి సుంకములు, ఉప్పు పన్ను మొదలగు వానిపై నూటికి 25 వంతున సర్‌చార్జి. ఉప్పుపై మణుగునకు రూపాయి నాలుగణాలుగా నున్న పన్ను రూపాయి తొమ్మిదణాలాయెను. ఉప్పు సత్యాగ్రహము జరిగిన మఱుసటి యేడే ఉప్పు పన్ను పెరిగినదని గమనింపవలెను. బడ్జెట్టు సరిచూచుకొనుటయే నాటి ప్రభుత్వమునకు పరమధర్మము. బజారులో కొనువాడే లేనప్పుడు జీతగాని నుండియు, పేదవాని నుండియు సొమ్ము లాగుట రోగికి లంఖణముపై లంఖణము పెట్టినట్లయ్యెను. జీతముల కోత 1933లో సగమునకు తగ్గి, 1935లో తొలగెను.

1937-39: ఒక రాబడిని విడిచి మఱియొకదానిని పట్టుట

1937లో రాజాజీ నాయకత్వమున కాంగ్రెసు మంత్రివర్గము మద్రాసులో ఏర్పడెను. ఆ సంవత్సరము అక్టోబరులో సేలము జిల్లాలోను, 1938లో చిత్తూరు, కడప జిల్లాలలోను, 1939లో మన ఉత్తర ఆర్కాడు జిల్లాలోను మద్యనిషేధము అమలు జరిగెను. కల్లు సారాయములపై వచ్చు ఆబ్కారీ రాబడి నాటి ప్రభుత్వమునకు పెద్ద ఊత. దానిని విడుచుట యనగా, పాఠశాలలకును ఆస్పత్రులకును వేఱు సొమ్ము వెదకవలెను.

వ్యయము కోయుటకు మాఱుగా ఆ మంత్రివర్గము 1939లో సాధారణ అమ్మకపు పన్ను చట్టమును తెచ్చెను. వర్తకుల మొత్తపు అమ్మకములన్నింటిపై పన్ను వేయు చట్టము భారతదేశమున అదియే మొదటిది. రేటు నూటికి అర్ధరూపాయి. చిల్లర వర్తకులు మినహాయింపబడిరి. చేనేత వస్త్రములు మాత్రమే అమ్మువారికి లైసెన్సు నిబంధనలకు లోబడి మినహాయింపు నిచ్చిరి. మగ్గములపై బ్రదుకు మన ఊళ్లకు ఆ మినహాయింపు ఎంత మేలో చెప్పనక్కఱలేదు. వర్తకులు తీవ్రముగా ప్రతిఘటించిరి. అయినను ఆ పన్ను నిలిచినది. తక్కిన రాష్ట్రములును దానిని అనుసరించినవి. రేటు తక్కువయై, పరిధి విశాలమై, బలహీనులకు మినహాయింపున్న పన్ను జనులకు సహ్యమగునని ఇందు తెలియుచున్నది.

1953-54: నూలు మాట, బడి మాట

కొరియా యుద్ధకాలపు ధరలు 1952లో పడిపోగా చేనేతకు గడ్డుకాలము వచ్చెను. నేసిన బట్ట అమ్ముడుపోలేదు. రాజాజీ ప్రభుత్వము కేంద్రముపై ఒత్తిడి తెచ్చెను. మిల్లులు నేయు ధోవతుల పరిమాణముపై 1952లో కట్టడి చేసిరి. 1953లో పార్లమెంటు మిల్లుబట్టపై గజమునకు మూడు పైలు, అనగా కాలణా, అదనపు సుంకము విధించి, ఆ సొమ్మును ఖద్దరు చేనేతల అభివృద్ధికి కేటాయించెను. కాలణా ఇచ్చువారు దేశమంతటను కోట్లకొలది జనులు. దాని ఫలము పొందినవారు పనిలేని నేతవారు. వచ్చిన సొమ్ము ఖజానాలో నిలువక, సహకార సంఘముల ద్వారా మరల మగ్గములకు చేరవలెనని ఉద్దేశము. మాంద్యమున పన్ను వేయుట ఎప్పుడును తప్పేయని అనుకొనువారు ఈ కాలణాను జ్ఞాపకముంచుకొనవలెను.

అదే కాలమున విద్యావిషయమున దీనికి భిన్నమైన మార్గము త్రొక్కిరి. 1953 జూనులో గ్రామములందలి ప్రాథమిక పాఠశాలలలో చదువు దినమునకు మూడు గంటలకు తగ్గింపబడెను. పిల్లలను రెండు జట్లుగా విభజించి, ఉన్న ఉపాధ్యాయులతోనే ఎక్కువమందికి చదువు చెప్పవచ్చునని ఒక ఉద్దేశము. మిగిలిన వేళలో తల్లిదండ్రుల వృత్తిని నేర్చుకొనవచ్చునని మఱియొక ఉద్దేశము. వ్యయము పెంచకయే విద్యను వ్యాపింపజేయుట మంచి కోరికయే. కాని నేతగాని కొడుకు మగ్గముకడనే, చాకలి కొడుకు రేవుకడనే నిలిచిపోవునని జనులు ఆగ్రహించిరి. 1954లో రాజాజీ రాజీనామా చేసిరి. కామరాజు ముఖ్యమంత్రియై ఆ పథకమును రద్దుపఱచిరి. శాసనసభ్యుడు కాని ఆయనను ఆ యేడు ఉప ఎన్నికలో సభకు పంపినది మన గుడియాత్తము నియోజకవర్గమే. తరువాత పాఠశాలల సంఖ్య పెరిగెను. మధ్యాహ్న భోజనము వచ్చెను. 1958 మొదలు పాఠశాలాభివృద్ధి మహాసభలలో గ్రామస్థులు బల్లలు, గడియారములు, వస్త్రములు, సొమ్ము విరాళముగా నిచ్చిరి.

రహదారి పని ఒక యేడు ఆపినచో మఱుసటి యేడు చేయవచ్చును. ఏడేండ్ల బిడ్డకు తగ్గించిన చదువును ఆ బిడ్డకు పదునైదేండ్లు వచ్చిన పిదప తిరిగి ఇచ్చుట కష్టము. వ్యయమంతయు ఒక్క జాతి కాదు.

2020: చిక్కిన ఆయుధములు

2020లో కరోనా వ్యాధి వలన దేశమంతయు మూతపడినప్పుడు రాష్ట్రముల యెదుట ఈ ప్రశ్న మరల నిలిచెను. 2017 జూలై 1 నుండి జి.ఎస్.టి. అమలులోనికి వచ్చుటచే, 1939లో మద్రాసు కనిపెట్టిన అమ్మకపు పన్ను చాలవఱకు రాష్ట్రముల చేజారెను. పెట్రోలు, డీజిలు, మద్యము మాత్రము మిగిలినవి. నాడు మద్యపు రాబడిని విడిచి అమ్మకపు పన్నును చేపట్టిరి; నేడు అమ్మకపు పన్ను పోయి మద్యపు రాబడి మిగిలినది! 2020 మేలో తమిళనాడు పెట్రోలు, డీజిలులపై పన్ను హెచ్చించెను. ఆంధ్రప్రదేశము మద్యము ధరలను పెంచెను. వ్యయపు వైపున తమిళనాడు ఉద్యోగుల కరవు భత్యపు పెంపును 2021 జూలై వఱకు నిలిపెను. తెలంగాణము, ఆంధ్రప్రదేశము 2020 మార్చిలో జీతములలో కొంత భాగమును వాయిదా వేసినవి. ఆంధ్రప్రదేశపు వాయిదా విషయము సుప్రీంకోర్టు వఱకు పోగా, ఆ బకాయిలను నూటికి ఆఱు వంతున వడ్డీతో చెల్లింపవలెనని 2021లో తీర్పు వచ్చెను. జీతము వాయిదా వేయుట ఆదా కాదు, అదియును ఒక విధమైన అప్పే యని దీనివలన స్పష్టమైనది.

మన పాఠశాలల మాట

ఇక మొదట చెప్పెదమన్న మాట. పన్ను హెచ్చించినప్పుడు అందఱికిని తెలియును. శాసనసభలో చర్చ జరుగును, వర్తకులు అంగళ్లు మూయుదురు, పత్రికలు వ్రాయును. వ్యయము తగ్గించినప్పుడు తఱచుగా చప్పుడు కాదు. ఒక ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేయును; ఆ స్థానము నింపబడదు. అంతే. పెద్ద పాఠశాలలో పదిమంది గణితోపాధ్యాయులలో ఒకడు తగ్గినచో మిగిలినవారు భారము పంచుకొందురు. తెలుగు చెప్పు ఉపాధ్యాయుడు ఒక్కడే యున్న పాఠశాలలో ఆ ఒక్కడు పోయినచో తెలుగే పోవును. సమానముగా కోసిన కోత సమానముగా తగులదు.

1991లో దేశము విదేశీమారక ద్రవ్యపు సంక్షోభములో నున్నది. ఆ 1991-92 విద్యాసంవత్సరము మొదలు క్రొత్తగా స్థాపించిన ప్రైవేటు పాఠశాలలకును, తెఱచిన క్రొత్త తరగతులకును గ్రాంటు లేదని తమిళనాడు చట్టములో చేర్చిరి. పాత పాఠశాలల గ్రాంటు నిలువలేదు. కాని క్రొత్తగా తలయెత్తదలచిన పాఠశాలకు మాత్రము తలుపు మూసికొన్నది. అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగమునకు 1956లో చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. హక్కు కాగితముపై నుండును. అది తరగతి గదిలోనికి ఉపాధ్యాయుని జీతము రూపమున రావలెను.

కాగా, పన్నులు పెంచుటయే ఎల్లప్పుడును మంచిదని మేము చెప్పుట లేదు. ఉప్పుపై వేసిన పన్నును, చేనేతను విడిచిన పన్నును ఒక్కటి కావు. వృథావ్యయమును కోయుటయు, బడిని కోయుటయు ఒక్కటి కావు. మాంద్యమున సాధ్యమైనంత వఱకు అప్పు చేసి వ్యయమును నిలుపుటయు, అది చాలనప్పుడు దాచుకొనగల వారినుండి కొంత పన్ను గొని పని లేని వారికి చేర్చుటయు, తిరిగి తేలేని దానిని కోయకుండుటయు మేలని మా అభిప్రాయము.

ఇకముందు బడ్జెట్టు వెలువడినప్పుడు తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని కోరుచున్నాము. ఈ పన్ను ఎవరి చేతినుండి వచ్చుచున్నది? ఈ కోత ఎవరి చేతికి చేరవలసిన దానిని ఆపుచున్నది? ఆపినది మఱల ఎప్పుడైనను ఇచ్చుటకు వీలగునా? మూడవ ప్రశ్నకు లేదను జవాబు వచ్చిన చోట, మన సంఘము మహజరు వ్రాయవలెను, మన ప్రతినిధులను కలిసికొనవలెను, బిడ్డల సంఖ్యను పట్టికలతో చూపవలెను. వేలూరు గుడియాత్తము ప్రాంతముల తెలుగు కుటుంబములు ప్రతి యేడు బిడ్డలను తెలుగు తరగతిలో చేర్చుటయే అన్నింటికంటె బలమైన మహజరు. పిల్లలు లేని తరగతిని నిలుపుమని యే ప్రభుత్వమునైనను అడుగుట కష్టము. పిల్లలు నిండిన తరగతిని కోయుట ఏ ప్రభుత్వమునకైనను అంతకంటె కష్టము.