సేనాని ప్రక్కన నిలిచినవారు

యుద్ధము ముగిసినపిదప విజయము సేనాని పేరనే చెప్పుకొనబడును. అతని ప్రక్కన నిలిచి, పటములు పరచి, లెక్కలు కట్టి, ఉత్తరువులు వ్రాసిన వారిని లోకము తలచుట అరుదు. వీరినే సైనికభాషలో స్టాఫ్ ఆఫీసర్లందురు. ఒక పెండ్లికి ఎన్ని బస్తాల బియ్యము కావలెనో, ఎవరికెచ్చట విడిది ఏర్పరుపవలెనో ముందుగా కూర్చుండి లెక్కించిన గృహిణికి వీరి పని యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. అచ్చట పొరపాటైన విందు చెడును. ఇచ్చట పొరపాటైన ప్రాణములు పోవును.

మా మేడిపల్లి 1948 నాటికి నిజాము రాజ్యమునందు కరీంనగరు జిల్లాలోని గ్రామము. ఆ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన షోలాపూరు దిక్కునుండి హైదరాబాదునకు బయలుదేరిన సేనకు నాయకుడు మేజర్ జనరల్ జయంతనాథ చౌధురి. అయిదవనాటికి యుద్ధము నిలిచెను. 18వ తేదీన నిజాము సేనాపతి ఎల్ ఎద్రూస్ ఆయనకు లొంగిపోయెను. పిమ్మట చౌధురియే సైనిక గవర్నరై, 1949 కడవరకు మా ప్రాంతమును పాలించెను. ఆయన రెండవ ప్రపంచయుద్ధకాలమున అయిదవ భారత డివిజనులో స్టాఫ్ ఆఫీసరుగా నుండి, ఆఫ్రికాయందు పనిచేసినవాడు. ఒకరి ప్రక్కన నిలిచి పని నేర్చినవాడే తరువాత సేనను నడపెనన్నమాట.

అయితే అట్టి అధికారి తన సేనానిని ఏ కంటితో చూచును? దీనికి 1971 నాటి బంగ్లాదేశ యుద్ధము మంచి నిదర్శనము. అప్పుడు తూర్పు సైన్యమునకు అధిపతి జగ్జీత్ సింగ్ అరోరా. ఆయనకు చీఫ్ ఆఫ్ స్టాఫ్ జేకబ్. కలకత్తాలోని ఫోర్ట్ విలియమ్ వీరి కార్యస్థానము. ఢిల్లీలో భారతసైన్యాధిపతి మానెక్‌షా. ఆయనకు మిలిటరీ అసిస్టెంటుగా నున్నవాడు దీపేందర్ సింగ్. జేకబును దీపేందర్ సింగును తమ యనుభవములను పిమ్మట గ్రంథములుగా ప్రకటించిరి.

ఆ సంవత్సరము తూర్పు పాకిస్తానమునుండి కాందిశీకులు తండోపతండములుగా మన దేశమునకు వచ్చిరి. కడపటికి వారి సంఖ్య కోటికి చేరెను. వెంటనే యుద్ధమునకు పోవలెనని పలువురు తొందరపడిరి. అప్పుడు మానెక్‌షా ప్రధానమంత్రి ఇందిరాగాంధి యెదుటనే, సైన్యము ఇంకను సిద్ధముగా లేదని చెప్పినట్లు తానే తరువాత పలుమారులు వివరించెను. వానకాలము రానున్నది, బంగాళదేశపు నదులు పొంగినచో దారులే యుండవు. చలికాలమైనచో హిమాలయపు కనుమలు మంచుతో మూతపడును గనుక చైనా కలుగజేసికొనుట కష్టము. అంత్యనిష్ఠురముకంటె ఆదినిష్ఠురము మేలని మన పెద్దలు చెప్పిన మాట యిదియే. ఆ నడుమ దొరకిన నెలలలో త్రోవలు బాగుచేయించి, వంతెనల సామగ్రిని, మందుగుండును, ఆహారమును సరిహద్దునకు ముందే చేర్చినది స్టాఫ్ ఆఫీసర్లే.

యుద్ధము డిసెంబరు 3వ తేదీన ఆరంభమయ్యెను. 16వ తేదీ ఉదయమున మానెక్‌షా ఆజ్ఞచొప్పున జేకబ్ హెలికాప్టరుపై ఢాకాకు పోయెను. ఆయన వ్రాసినదానిని బట్టి ఢాకాలో పాకిస్తాను సైనికులు 26,400 మంది యుండగా, మనవారు నగరసమీపమున సుమారు 3,000 మంది మాత్రమే. శత్రుసేనాని నియాజీ యెదుట లొంగుబాటు పత్రమునుంచి, ఆలోచించుకొనుటకు 30 నిమిషములు గడువిచ్చి వెలుపలికి వచ్చితినని జేకబ్ చెప్పెను. ఆ గడువులో తన మనస్సునకు నెమ్మది లేకుండెననియు, నియాజీ కాదనినచో తనచేత ఏమియు లేదనియు ఆయన దాచలేదు. తిరిగి లోనికిపోయి మూడుసార్లడిగినను నియాజీ మారుపలుకలేదట. ఆ మౌనమునే అంగీకారముగా గైకొనెను. ఆ సాయంకాలము రమణా మైదానమున పత్రముపై సంతకము చేసినది అరోరా, నియాజీలు. అరోరాతో ఆయన భార్యయు ఢాకాకు వచ్చెను. సుమారు 93,000 మంది బందీలైరి.

చదువరులు ఇచ్చట ఒక సంగతిని గమనింపవలెను. ఢిల్లీ యుత్తరువులలో ఖుల్నా, చిట్టగాంగు రేవులకే ప్రాధాన్యమీయబడెననియు, ఢాకాయే గురి కావలెనని తాను పట్టుపట్టితిననియు జేకబ్ వ్రాసెను. దీనిని అందరు నంగీకరింపలేదు. ప్రక్కన నిలిచినవానికి సేనాని విసుగు, సందేహము, నిద్రలేని రాత్రులు కనబడును. కాని తుది యుత్తరువునకు బాధ్యత వహించుటలోని భారము అతనికి పూర్తిగ తెలియదు. ఓడినచో నింద జేకబుపై పడియుండదు, అరోరాపైననే పడియుండును. కావున ఇట్టి గ్రంథమును చదువునప్పుడు ఒకరి మాటతో తృప్తిపడక, రెండవవారి మాటను గూడ వినవలయును.

మన తెలుగువాడైన కోటికలపూడి వేంకట కృష్ణారావు ఆ యుద్ధముననే 8వ పర్వత డివిజనుకు నాయకుడై సిల్హెట్టు ప్రాంతమును గెలిచెను. పిమ్మట పశ్చిమ సైన్యమునకు చీఫ్ ఆఫ్ స్టాఫుగా పనిచేసి, 1981 మొదలు 1983 వరకు భారతసైన్యాధిపతిగా నుండెను. సేనను నడపుటయు, నడపువాని ప్రక్కన కూర్చుండి లెక్కలు చూచుటయు ఆయన రెండింటిని ఎరిగినవాడు. జేకబును కృష్ణారావును 2016 జనవరి నెలలోనే కాలధర్మము నొందిరి.

ఈ సంగతులు స్త్రీలకెందుకని కొందరడుగవచ్చును. యుద్ధము వచ్చినచో ముందుగ ఇండ్లు విడిచి, బిడ్డల నెత్తుకొని నడచువారు స్త్రీలే. 1971లో మన శిబిరములకు చేరిన కోటిమందిలో ఎందరు తల్లులో! గెలిచిన సైన్యము పరాయి స్త్రీలయెడ మర్యాద తప్పరాదని మానెక్‌షా తన సైనికులను గట్టిగ హెచ్చరించెను. అట్టి యాజ్ఞ కాగితముపై నిలిచిపోక చిట్టచివరి సిపాయి చెవిని పడునట్లు చూచుట స్టాఫ్ ఆఫీసరు పని.

మరియొక కారణము గూడ కలదు. 2020 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు సైన్యమునందు స్త్రీలకు శాశ్వత ఉద్యోగములీయవలెనని తీర్పు చెప్పెను. 2022లో ఖడక్‌వాస్లా యందలి జాతీయ రక్షణ అకాడమీలో తొలిసారిగ కన్యలు చేరిరి. వారు 2025 మే నెలలో శిక్షణ ముగించుకొని వెడలిరి. మేడిపల్లిలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో నేడు లెక్కల పుస్తకము ముందు కూర్చున్న బాలిక రేపు ఒక సేనాని ప్రక్కన కూర్చుండవచ్చును. అయ్యా, ఇంకను సిద్ధముగా లేమని చెప్పవలసిన గడియ ఆమెకును రావచ్చును. తల్లులారా! ఇంటిలో మన బాలిక పెద్దల యెదుట వినయముతో, వెరపులేక నిజము పలికినప్పుడు ఆమె నోరు మూయింపకుడు.