ఏ చెట్టో... ఏం పువ్వో!

విహారానికెళ్తే కొండల్నీ జలపాతాల్నీ ఫొటోలు తీసుకుంటాం. దారి పొడవునా పలకరించిన మొక్కల్ని మాత్రం ‘ఏదో చెట్టులే’ అని వదిలేస్తాం. కాస్త ఆగి చూస్తే వాటి పేర్లు తెలుసుకోవడం పెద్ద కష్టమేం కాదు. కొన్నిటిని గుర్తుపట్టకపోతే మాత్రం ప్రమాదమే!

‘అమ్మా, ఆ పసుప్పూల చెట్టేంటి?’ అని పిల్లాడు బస్సు కిటికీలోంచి చూపిస్తే ఠక్కున చెప్పగలిగే పెద్దవాళ్లు ఎందరు? రోడ్డు పక్కన పచ్చగా పూసేవన్నీ ఒకటి కావు మరి. పూలు ద్రాక్ష గుత్తుల్లా కిందికి వేలాడుతూ, కర్రల్లాంటి పొడవాటి కాయలు కనిపిస్తే అది రేల. గుత్తులు నిటారుగా పైకి లేచి, రాగి రంగు చదును కాయలుంటే పచ్చ తురాయి. పొదలా ఎదిగి, ఆకు మొదట్లో గుండ్రటి చెవుల్లాంటివి ఉంటే తంగేడు. బతుకమ్మలో పేర్చే పువ్వూ, తెలంగాణ రాష్ట్ర పుష్పమూ అదే. పువ్వు ఒక్కటే చూస్తే మూడూ పసుపే. ఆకూ కాయా చూస్తేనే గుట్టు తెలుస్తుంది.

పువ్వు కాని పువ్వు

గేటు మీద విరగబూసే కాగితం పూల సంగతి చూడండి. మనం పూరేకులనుకునే గులాబీ రంగు భాగాలు నిజానికి రంగు మారిన ఆకులు. అసలు పువ్వు మధ్యలో సన్నని గొట్టంలా, చిన్నగా ఉంటుంది. దక్షిణ అమెరికాకు చెందిన ఈ మొక్కకు బోగన్‌విల్లియా అన్న పేరు ఫ్రెంచి నావికుడు బోగన్‌విల్ నుంచి వచ్చింది.

అడవి దారుల్లో కనిపించే లాంటానాదీ తమాషా కథే. ఒకే గుత్తిలో మధ్య పూలు పసుపుగా, అంచు పూలు ఎర్రగానో గులాబీగానో ఉంటాయి. వయసు మళ్లిన పువ్వు రంగు మార్చుకుంటుందన్నమాట. అందం కోసం అమెరికా ఖండం నుంచి తెచ్చుకున్న ఈ మొక్క ఇప్పుడు మన అడవుల్ని ఆక్రమించి, స్థానిక మొక్కలకు చోటు లేకుండా చేస్తోంది.

చూడొచ్చు... నోట్లో పెట్టొద్దు

డివైడర్ల మీద పెంచే గన్నేరుకు కణుపుకి మూడేసి ఆకులుంటాయి. గంటల్లాంటి పసుపు పూలు పూసే పచ్చగన్నేరుకు సన్నటి ఆకులు కొమ్మ చుట్టూ ఒక్కొక్కటిగా వస్తాయి. రెండూ విషమే. పచ్చగన్నేరు గింజలు గుండె లయను దెబ్బతీసి ప్రాణం మీదికి తెస్తాయి. ఎర్రగా, నల్లచుక్కతో మెరిసే గురివింద గింజను పిల్లలు నమిలితే అంతే అపాయం. వానాకాలంలో మంటలా విచ్చుకునే అడవినాభి పువ్వు ఎంత అందమో, దాని దుంప అంత విషం. ఆకు కొస తీగలా మెలి తిరిగి ఉండటం దాని ఆనవాలు. ఇక తెల్లటి చిన్న పూలతో కనిపించే వయ్యారిభామ తగిలితే కొందరికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి. పుప్పొడితో ఆయాసమూ రావచ్చు. పిల్లలు పొరపాటున ఇలాంటివి నమిలితే చిట్కాలతో కాలక్షేపం చేయకుండా, వీలైతే ఆ కొమ్మతో సహా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇలా గుర్తుపట్టండి

* ఒక్క పువ్వునే కాదు, ఆకు, కాయ, బెరడు, మొత్తం చెట్టు... అన్నిటినీ విడివిడిగా ఫొటో తీయండి.

* ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటా? ముళ్లున్నాయా? పాలు కారుతున్నాయా? రాసుకోండి.

* గూగుల్ లెన్స్, ప్లాంట్‌నెట్ లాంటి ఆప్‌లు పేరు సూచిస్తాయి. అది ఊహ మాత్రమే. దాన్ని నమ్మి ఏదీ తినొద్దు, మందుగా వాడొద్దు.

* అభయారణ్యాల్లో కొమ్మ విరవొద్దు. శేషాచలం కొండల్లో ఈతచెట్టులా కనిపించే సైకాస్ బెడ్డోమీ లాంటి అరుదైన మొక్కలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

సామర్లకోట డాక్టరు

ఫోన్లు లేని రోజుల్లో ఈ పని ఎలా చేశారంటారా? 1780ల్లో సామర్లకోటలో ఉన్న ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ మన మొక్కల్ని స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. తెలుగు పేర్లనూ నమోదు చేశాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి సంపుటాలుగా వెలువడింది. అందులోని బొమ్మలు 300. మన సోమిద చెట్టునే తీసుకోండి. దాని శాస్త్రీయ నామం సొయ్‌మిడా ఫెబ్రిఫ్యూజా. అందులో మొదటి మాట మన తెలుగు పేరే!

అలా రాసుకున్న పేర్లు నిలిచాయి. రాయనివి ఆ పేరు తెలిసిన అవ్వతోనో, మేకల కాపరితోనో పోతున్నాయి. ఈసారి ఊరెళ్లినప్పుడు తెలియని మొక్క కనిపిస్తే ఫోన్ తీసేముందు అక్కడున్న పెద్దవాళ్లని అడగండి. వాళ్లు చెప్పిన పేరు, ఊరు, తేదీ పిల్లల నోటుపుస్తకంలో రాయించండి. ఆ పేరు ఏ ఆప్‌లోనూ దొరక్కపోవచ్చు!