ప్లగ్గు చూస్తే ఇంజిన్ తెలుస్తుంది

పెట్రోలు కారు ఇంజిన్ లోపల మంట ఎలా మండుతోందో కళ్లారా చూసే వీలు మనకు లేదు. ఇంజిన్ పైభాగమైన హెడ్ విప్పితే తప్ప అక్కడిదాకా చూపు పోదు. హెడ్ విప్పడమంటే రోజుల పని, వేల ఖర్చు. కానీ నిత్యం ఆ మంటలోనే ఉండే వస్తువును ఒక్కదాన్ని మాత్రం, పానా పెట్టి పదిహేను చుట్లు తిప్పితే చాలు, బయటికి తీసి అరచేతిలో పెట్టుకోవచ్చు. అదే స్పార్క్ ప్లగ్గు. ఇంట్లోనే ప్లగ్గులు మార్చుకుంటే లేబర్ చార్జీ మిగులుతుంది, నిజమే. నా మటుకు అది చిన్న లాభం. పాత ప్లగ్గు మన చేతికి రావడమే అసలు లాభం. గ్యారేజీలో మార్పిస్తే అది డబ్బాలోకి పోతుంది, దాని మొన మీదున్న సమాచారమంతా దాంతో పాటే పోతుంది.

స్కూటర్ల కాలం వాళ్లకు ఇది కొత్త విద్య కాదు. చేతక్ డిక్కీలో ప్లగ్గు పానా, గరుకు కాగితం ముక్క, వీలైతే ఒక స్పేర్ ప్లగ్గు ఉండి తీరాల్సిందే. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా కాలుతుంది కాబట్టి మసి పేరుకునేది, స్పార్క్ రాక బండి ఆగిపోయేది. రోడ్డు పక్కనే ప్లగ్గు తీసి, రుద్ది, బిగించి కిక్కు కొట్టేవారు. అప్పటి బళ్లలో తరచూ కనిపించిన మైకో ప్లగ్గులు బెంగళూరువి. 1951లో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీగా మొదలైన ఆ సంస్థే ఇప్పటి బాష్ లిమిటెడ్. బాష్‌కూ ప్లగ్గుకూ ఉన్న బంధం అంతకన్నా పాతది. జర్మనీలో రాబర్ట్ బాష్ దగ్గర పనిచేసిన ఇంజినీరు గాట్‌లోబ్ హోనోల్డ్ 1902లో హెచ్చు వోల్టేజీ మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును తయారుచేశాడు. వేగంగా తిరిగే పెట్రోలు ఇంజిన్లకు దారి దొరికింది అక్కడే. నేటి కార్లలో కంప్యూటరు కొలిచి పెట్రోలు పోస్తుంది కాబట్టి ప్లగ్గు ఏళ్ల తరబడి మనల్ని పిలవదు. అందుకే దాన్ని మరిచిపోయాం. డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గే ఉండదు. అక్కడ గాలి నొక్కుడుకే వేడెక్కి డీజిల్ అంటుకుంటుంది.

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ఇగ్నిషన్ కాయిల్ దాన్ని 20 వేలు, ఒక్కోసారి 30 వేల వోల్టుల పైకి లేపుతుంది. ప్లగ్గు నడిమధ్య తీగకూ, పక్కనుంచి వంగి వచ్చిన కొక్కేనికీ మధ్య మిల్లీమీటరు అటూ ఇటూ ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని దూకేటప్పుడు పుట్టే నిప్పురవ్వే పెట్రోలు ఆవిరిని అంటిస్తుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో రెండు చుట్లకు ఒక రవ్వ కావాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ నిమిషానికి రెండు వేల చుట్లు తిరుగుతోందనుకుందాం. అప్పుడు ఒక్కో ప్లగ్గు కిలోమీటరుకు వెయ్యిసార్లు వెలుగుతుంది. హైదరాబాదు నుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు, అంటే ఒక్క ప్రయాణంలో దాదాపు రెండు లక్షల డెబ్భై అయిదు వేల రవ్వలు. నలభై వేల కిలోమీటర్లకు నాలుగు కోట్లు!

ప్రతి రవ్వా కంటికి కనిపించనంత లోహాన్ని తనతో తీసుకుపోతుంది. కొత్త ప్లగ్గు మొన అంచులు పదునుగా ఉంటాయి, విద్యుత్తు పదునైన అంచు నుంచి సులువుగా దూకుతుంది. అంచులు అరిగి గుండ్రబడి, ఖాళీ పెరిగేకొద్దీ దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ భారమంతా కాయిల్ మీద పడుతుంది. అరిగిన ప్లగ్గుతోనే ఏళ్లు లాగించిన బండిలో కాయిల్ కూడా పోవడం వెనక ఉన్న సంగతి ఇదే. మామూలు నికెల్ మొన ప్లగ్గు ముప్పై, నలభై వేల కిలోమీటర్లు వస్తుంది. ఇరిడియం 2,400 డిగ్రీల పైన గానీ కరగని లోహం కాబట్టి సన్నటి తీగలా చేసినా తట్టుకుంటుంది, దాదాపు లక్ష కిలోమీటర్ల దాకా పోతుంది. మీ బండికి ఎన్ని వేలకు మార్చాలో కారుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది, ఆ మాటే ఆఖరు మాట. సీఎన్‌జీ మీద నడిచే బండి అయితే ఇంకొంచెం ముందే చూసుకోవాలి. గ్యాసును అంటించడానికి పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి.

పొద్దున స్టార్టింగ్ ట్రబుల్, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వణుకు, ఘాట్ ఎక్కేటప్పుడు మిస్ కొట్టడం, పికప్ తగ్గడం, మైలేజీ పడిపోవడం. ఇవన్నీ ప్లగ్గు వల్లే అని చెప్పలేం గానీ, ముందు చూడాల్సింది ప్లగ్గునే. ఇంజిన్ లైటు వెలిగి ఆగకుండా మిణుకుతుంటే మాత్రం బండి నడపకూడదు. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. ప్లగ్గు వందల్లో వస్తుంది, కన్వర్టర్ వేలకు వేలు.

కొనేటప్పుడు ప్లగ్గు మీద ఉన్న అక్షరాలన్నీ సరిపోవాలి. ఉదాహరణకు ఎన్‌జీకే కంపెనీ వాళ్ల బీకేఆర్6ఈ అన్న ప్లగ్గును చూడండి. బీకే అంటే 14 మిల్లీమీటర్ల మర, 16 మిల్లీమీటర్ల పానా. ఆర్ అంటే రేడియోలో గరగర రాకుండా లోపల రెసిస్టర్ ఉందని. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. మధ్యలో ఉన్న 6 ప్లగ్గు వేడిని ఎంత త్వరగా హెడ్‌లోకి వదిలేస్తుందో చెబుతుంది. ఇది చాలామంది పట్టించుకోని అంకె. మొన సుమారు 450 డిగ్రీలు దాటితేనే మసి తనంతట తాను కాలిపోతుంది. 850 దాటిపోతే రవ్వ రాకముందే, ఆ ఎర్రటి మొనకే పెట్రోలు అంటుకుంటుంది. ఈ రెండింటి మధ్యనే ఉండేలా ఇంజిన్‌కు తగ్గ అంకెను కంపెనీ ఎంచుతుంది. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటి ప్లగ్గు, బాష్‌లో అంకె పెరిగితే వేడి ప్లగ్గు. అందుకే అంకెలు చూసి కంపెనీ మార్చకూడదు, పట్టికలో చూసుకునే మార్చాలి. నకిలీ ప్లగ్గులూ అంగళ్లలో ఉన్నాయి. నమ్మకమున్న దుకాణంలో సీలు తీయని పెట్టెలోదే కొనండి.

పనికి దిగే ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, రాత్రంతా ఆగిన బండయితే మరీ మంచిది. హెడ్ అల్యూమినియం, ప్లగ్గు ఒళ్లు ఉక్కు. వేడి మీద తిప్పితే మెత్తటి అల్యూమినియం మరలు ప్లగ్గుతో పాటే ఊడి వచ్చే ప్రమాదముంది. బ్యాటరీ మైనస్ తీగ తీసేయండి. ఒక సిలిండర్ పని పూర్తయ్యాకే రెండోదాని మీద చెయ్యి వేయండి, అప్పుడు తీగలు తారుమారు కావు. ప్లగ్గు మీదుండే కాయిల్ కనెక్టరుకు ఉన్న చిన్న లాకు నొక్కి లాగాలి, తీగ పట్టుకుని లాగకూడదు. బోల్టు తీశాక కాయిల్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పితే రబ్బరు వదులుతుంది. ప్లగ్గు ఉండే గుంతలో ఎండాకు తునకలు, ఇసుక, దుమ్ము ఉంటాయి. సైకిల్ పంపుతో అయినా సరే గాలి కొట్టి అవన్నీ ఎగరగొట్టకుండా ప్లగ్గు తీస్తే ఆ ఇసుక నేరుగా సిలిండర్‌లో పడి దాని గోడలను గీస్తుంది.

ఇక పానా. లోపల రబ్బరు పట్టుగానీ అయస్కాంతంగానీ ఉన్న ప్లగ్గు సాకెట్టే వాడాలి. మొదట కాస్త మొరాయించి, తర్వాత సులువుగా తిరగాలి. మధ్యలో మళ్లీ బిగుసుకుంటే బలం చూపించకండి. రెండు చుక్కలు తుప్పు వదిలించే ఆయిల్ వేసి, కాసేపు ఆగి, ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం తిప్పుతూ రావాలి. అప్పటికీ రాకపోతే అక్కడితో ఆపి మెకానిక్‌ని పిలవాలి.

తీసిన ప్లగ్గులను సిలిండర్ల వరసలోనే ఒక తెల్లగుడ్డ మీద పేర్చండి. వెలుతురులోకి తెచ్చి ఒక్కొక్కదాన్నీ చూడండి. మధ్య తీగ చుట్టూ ఉన్న పింగాణీ లేత గోధుమరంగులోనో బూడిదరంగులోనో ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉన్నట్టే. పొడిపొడిగా, వేలికి అంటే నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, రోజూ కూరగాయలకూ బడికీ తప్ప బండి దూరం పోకపోయినా ఇలాగే వస్తుంది. పింగాణీ సున్నంలా తెల్లబారి, మొన మీద బొబ్బలు లేచినట్టుంటే ప్లగ్గు మరీ వేడెక్కుతోంది. అంకె తప్పు ప్లగ్గు పడిందో, పెట్రోలు చాలడం లేదో, కూలింగ్‌లో లోపముందో వెతకాలి. ఇటుకరంగు పొర కనిపిస్తే ఇనుము కలిసిన ఆక్టేన్ మందు పెట్రోలులో పడిందని అనుమానించవచ్చు.

ఆయిల్ విషయంలో మాత్రం కంగారు పడకుండా, అది ఎక్కడుందో చూడాలి. మంటలో ఉండే మొన జిడ్డుగా, తడిగా, నల్లగా ఉంటే ఆయిల్ లోపలికే పోతోంది. రింగులో వాల్వ్ సీళ్లో అరిగాయి. మొన శుభ్రంగా ఉండి, పైన తెల్ల పింగాణీ మీద, మరల మీద మాత్రమే ఆయిల్ ఉంటే అది పై నుంచి కారింది. టప్పెట్ కవర్ ప్యాకింగ్ మారిస్తే సరిపోతుంది. ఈ తేడా తెలియక, ప్లగ్గుకు ఆయిల్ అంటిందనగానే ఇంజిన్ బోరుకొచ్చిందని భయపడేవాళ్లు ఉన్నారు. తెల్ల పింగాణీ అడుగున, ఉక్కు మొదలయ్యే చోట గోధుమరంగు ఉంగరంలాంటి మరక తరచూ ఉంటుంది. గ్యాసు లీకవుతోందని కొందరంటారు, కాదు. హెచ్చు వోల్టేజీ చుట్టుపక్కల గాలిలోని ఆయిల్ తుంపరలను లాక్కుని అంటించుకున్న మరక అది, దానివల్ల హాని లేదు. నాలుగింటిలో మూడు ఒకలా ఉండి ఒకటి మాత్రం వేరుగా ఉంటే అది అన్నిటికన్నా పనికొచ్చే సంగతి. ఆ ఒక్క సిలిండర్‌లోనే కాయిలో, ఇంజెక్టరో, వాల్వో చూసుకోవాలి.

కొత్త ప్లగ్గు ఖాళీని ఫీలర్ గేజితో చూసుకోండి. నికెల్ ప్లగ్గు కొక్కేన్ని కొద్దిగా వంచి సరిచేయవచ్చు. ఇరిడియం మొన అర మిల్లీమీటరు మందమే కాబట్టి దానిమీద ఏ పనిముట్టూ ఆననివ్వకూడదు, ఖాళీ తేడాగా ఉంటే దుకాణంలో తిరిగిచ్చేయడమే మేలు. గరుకు కాగితం పెట్టి రుద్దే పాత అలవాటు ఇక్కడ అసలు పనికిరాదు. కింద పడ్డ ప్లగ్గు కొత్తదైనా వాడొద్దు, పింగాణీలో సన్నటి పగులు కంటికి ఆనదు.

ఇప్పుడు ఈ పని మొత్తంలో చేతికి పరీక్ష పెట్టే ఘట్టం. కొత్త ప్లగ్గు తలకు ఒక జానెడు రబ్బరు పైపు తొడిగి, దాంతో గుంతలోకి దింపండి. సీసా మూత పెట్టేటప్పుడు చేసినట్టే, ముందు ఎడమకు నెమ్మదిగా తిప్పండి. మర అంచు దిగిన చోట చిన్న ‘టక్’ వేళ్లకు తెలుస్తుంది. అక్కడినుంచి కుడికి తిప్పుకుంటూ పోవాలి. మర అడ్డంగా పడితే రబ్బరు పైపు జారిపోతుంది గానీ హెడ్‌ను పాడుచేయదు. పానాకు ఆ మంచితనం లేదు. అడుగు తగిలేదాకా చేత్తోనే పోయాక టార్క్ రెంచ్ అందుకోవాలి. 14 మిల్లీమీటర్ల మరకు అల్యూమినియం హెడ్‌లో సుమారు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20. రెంచ్ లేకపోతే, కొత్త వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల ప్లగ్గును పానాతో సగం చుట్టు, మహా అయితే మూడింట రెండు వంతుల చుట్టు. వాషర్ నలుగుతున్నంతసేపూ మెత్తగా కదిలి, ఒక్కసారిగా గట్టిపడుతుంది. అక్కడ చెయ్యి తీసేయాలి. వాషర్ లేని, శంకువు ఆకారపు అంచున్న ప్లగ్గుకు చుట్టులో పదహారో వంతు చాలు. అతిగా బిగిస్తే మర పోతుంది, పింగాణీ పగులుతుంది. వదులుగా వదిలితే, ప్లగ్గు వేడి మరల గుండా, వాషర్ గుండా హెడ్‌లోకి పోవాల్సింది పోక మొన మాడిపోతుంది. మరలకు గ్రీజు పూయకండి. జారుడు పెరిగి, రెంచ్ చూపించే అంకె కన్నా ఎక్కువగా బిగుసుకుంటుంది.

అన్ని బళ్లూ ఇంటి పనికి లొంగవు. 2003లో మన దగ్గరికి వచ్చిన హోండా సిటీ ఐడీఎస్ఐలో సిలిండర్‌కు రెండు చొప్పున ఎనిమిది ప్లగ్గులున్నాయి, వెనక వరస చేతికి అందడమే కష్టం. కొన్ని ఇంజిన్లలో ప్లగ్గుల మీదుగానే ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఉంటుంది, అది విప్పితే గానీ దారి లేదు. అలాంటివి మెకానిక్‌కి వదిలేయడం తెలివైన పని. ఇంకొకటి, స్కూటర్‌కు చేసినట్టు ప్లగ్గును ఇంజిన్‌కు ఆనించి, స్టార్ట్ కొట్టి రవ్వ వస్తోందో లేదో చూసే పరీక్ష కారు మీద చేయకండి. షాక్ కొడుతుంది, కాయిల్ కూడా కాలిపోవచ్చు.

అన్నీ బిగించి, కనెక్టర్లు క్లిక్‌మనేలా నొక్కి, బ్యాటరీ తీగ తగిలించి స్టార్ట్ చేయండి. వణికితే భయపడకండి, సాధారణంగా ఏదో ఒక కాయిల్ కనెక్టరు సరిగా కూర్చుని ఉండదు. పాత ప్లగ్గుల మీద మార్కరుతో సిలిండర్ నంబరు, కిలోమీటర్ల రీడింగు రాసి ఒక డబ్బాలో దాచండి. మళ్లీ ఎప్పుడైనా గ్యారేజీకి పోవాల్సి వస్తే ‘బండి ఏదో తేడాగా ఉందన్నా’ అని ఊరుకోకుండా, ఆ నాలుగూ వరసగా బల్ల మీద పెట్టి ‘మూడోది తడిగా వచ్చిందన్నా, చూడు’ అనండి. మెకానిక్ నేరుగా మూడో సిలిండర్ దగ్గరికే వెళ్తాడు.