గాలిలోని ఆవిరులను కొలవడం ఎలా?



కావేరిపాక్కం చెరువు గాలికి అలవాటుపడిన మనం బస్సులో వాలాజాపేట దాటి రాణిపేట చేరగానే గాలి మారిన సంగతి ముక్కుకు తెలుస్తుంది. తోళ్ల వాసన, రంగుల వాసన, పెట్రోలు వాసన కలిసి వస్తాయి. "ఈ గాలి పిల్లలకు మంచిదేనా?" అని తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ దీనికి ముక్కు జవాబు చెప్పలేదు, కొలతే చెప్పాలి.

పెయింటు, వార్నిషు, జిగురు, పెట్రోలు మూత తీసి ఉంచితే కొంత ఆవిరైపోతుంది. అలా మామూలు వేడికే ఆవిరై గాలిలో కలిసే కర్బన పదార్థాలను ఇంగ్లీషులో పొట్టిగా వి.ఓ.సి.లు అంటారు. బెంజీన్, టోలుయీన్, జైలీన్ వీటిలో ముఖ్యమైనవి. తోలుకు మెరుగు పెట్టేటప్పుడు వాడే ద్రావకాల నుండి కూడా వి.ఓ.సి.లు వస్తాయి. పచ్చితోళ్ల దగ్గర వచ్చే దుర్వాసనలో మాత్రం హైడ్రోజన్ సల్ఫైడు, అమ్మోనియా ముఖ్యమైనవి. అవి వి.ఓ.సి.లు కావు, వాటిని కొలిచే పద్ధతులు వేరు.

బెంజీన్ రక్త క్యాన్సరు కలిగించగలదు. మన దేశంలో 2009లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం ఘనమీటరు గాలిలో బెంజీన్ ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు మించకూడదు. మన ముక్కుకు దాని వాసన తెలియాలంటే అంతకు సుమారు వేయి రెట్లు ఉండాలి! కాబట్టి "వాసన లేదు, భయం లేదు" అనుకోవడం పొరపాటు.

మరి ఇంత తక్కువ పదార్థాన్ని ఎలా పట్టుకుంటారు?

మొదటి పని గాలిని సేకరించడం. ఆవిరులను పట్టి ఉంచే పొడి నింపిన సన్నని గొట్టానికి చిన్న పంపు తగిలిస్తారు. నిమిషానికి 100 మిల్లీలీటర్ల చొప్పున 100 నిమిషాలు పీలిస్తే 10 లీటర్ల గాలి గొట్టం గుండా పోతుంది. గాలి వెళ్లిపోతుంది, ఆవిరులు పొడికి అంటుకుంటాయి.

రెండవ పని విడదీయడం. ప్రయోగశాలలో గొట్టాన్ని వేడిచేస్తే ఆవిరులు బయటికి వస్తాయి. హీలియం వంటి వాయువు వాటిని కాలమ్ అనే గొట్టంలోకి మోసుకుపోతుంది. ఇది చాలా సన్నని రంధ్రంతో 30 మీటర్లో, 60 మీటర్లో పొడవుండి చుట్టగా ఉంటుంది. లోపల ఒక పూత ఉంటుంది. జాతర వీధిలో జనం నడక గుర్తుకు తెచ్చుకోండి. అందరూ ఒకేసారి బయలుదేరినా, ప్రతి గాజుల అంగడి దగ్గర ఆగేవారు ఆలస్యంగా గుడికి చేరుతారు, ఆగనివారు ముందే చేరుతారు. అలాగే పూతకు తక్కువగా అంటుకునే బెంజీన్ ముందు, టోలుయీన్ తరువాత, జైలీన్ ఆ పిమ్మట బయటికి వస్తాయి.

మూడవ పని లెక్కించడం. కాలమ్ చివర డిటెక్టరు ఒక్కొక్క పదార్థానికి ఒక్కొక్క శిఖరం గీస్తుంది. శిఖరం వచ్చిన సమయం పదార్థం ఏదో సూచిస్తుంది, దాని వైశాల్యం ఎంత ఉందో చెబుతుంది. ఒక ఊహా లెక్క చూడండి. 100 నానోగ్రాముల బెంజీన్ పెట్టినప్పుడు వైశాల్యం 4000 వచ్చింది, మన నమూనాకు 3000 వచ్చింది. అంటే మన గొట్టంలో 75 నానోగ్రాములున్నాయి. అది 10 లీటర్ల గాలిలోనిది కనుక ఘనమీటరుకు 7.5 మైక్రోగ్రాములు. ప్రమాణం 5 కదా అని వెంటనే తీర్పు చెప్పకూడదు, అది ఏడాది సగటు. ఒక్కరోజు కొలత హెచ్చరిక మాత్రమే, ఏడాది పొడవునా కొలవాలి.

ఈ పద్ధతిని 1952లో ఆర్చర్ మార్టిన్, ఆంథోనీ జేమ్స్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్తలు ప్రపంచానికి చూపారు.

ఇదంతా మనకెందుకు అంటారా? 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీ ట్యాంకు నుండి వెలువడిన స్టైరీన్ ఆవిరికి 12 మంది బలయ్యారు. స్టైరీన్ కూడా వి.ఓ.సి.యే. మన జిల్లాల సంగతికి వస్తే, తోళ్ల ఫ్యాక్టరీల మురుగునీరు పాలారును పాడుచేస్తున్నదని వెల్లూరు పౌరుల సంఘం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది. సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో పనికిరాకుండా పోయిందన్న సర్వే ఫలితం ఆ తీర్పులో చోటుచేసుకుంది. అది నీటికి, నేలకు సంబంధించిన కేసు. అయినా పాఠం గాలికీ వర్తిస్తుంది. ఫిర్యాదుకు కొలత తోడైతేనే బలం.

తల్లిదండ్రులారా, ఇంటికి రంగులు వేయించినప్పుడు కొన్ని రోజులు కిటికీలు తెరిచి ఉంచండి, ఆ గదిలో పిల్లలను పడుకోబెట్టకండి. విద్యార్థులారా, ప్లస్ టూలో రసాయనశాస్త్రం కష్టమని వదలకండి. బి.ఎస్‌సి., ఎం.ఎస్‌సి. కెమిస్ట్రీ చదివినవారికి మందుల కంపెనీలలోనూ, కాలుష్య పరీక్షా కేంద్రాలలోనూ ఈ యంత్రంతోనే పని ఉంటుంది. మన ఊరి గాలిలో ఏముందో మన పిల్లలే కొలిచి చెప్పగలిగే రోజు రావాలని కోరుకుందాం.