బిల్లు సున్నా వచ్చినా మీటరు చూడాలి, ఎర్త్ చూడాలి

ఎస్సీ, ఎస్టీ కుటుంబాల ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. గండికోటలోనూ, కింద జమ్మలమడుగు చుట్టుపక్కల ఊళ్లలోనూ ఈ సంగతి తెలియని లబ్ధిదారు ఉండరు. రీడింగు తీసి కాగితం చేతికిస్తారు, కట్టాల్సిన సొమ్ము సున్నా అని చూసి దాన్ని గూట్లో పెట్టేస్తాం. ఈసారి అలా పెట్టేయకండి. వాడిన యూనిట్లు ఎన్నో చదవండి, పోయిన నెల కాగితంతో పోల్చండి.

మన దగ్గర ఎండాకాలం లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు, రెండు ఫ్యాన్లకు 68. కూలరు 180 వాట్లది 12 గంటలు నడిస్తే ఇంకో 65. ఫ్రిజ్‌కు సుమారు 30. టీవీ, లైట్లు, అర హెచ్‌పీ మోటారు కలిపి ఓ 24. మొత్తం 187. ఇంకో ఫ్యాను చేరితే 200 దాటుతుంది, బిల్లు పడుతుంది.

తగ్గించాలంటే ముందు చూడాల్సింది ఫ్యాన్లే. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది, నెలకు 14 యూనిట్ల లోపే. ధర ఎక్కువే, కాబట్టి రాత్రంతా తిరిగే ఫ్యాను ఒక్కటి మార్చినా చాలు. బండల మిద్దె ఉన్నవాళ్లు మార్చిలోనే పైన తెల్ల సున్నం కొట్టించుకోండి. బండ పగలంతా పీల్చిన వేడిని రాత్రి ఇంట్లోకి వదులుతుంది, సున్నం ఆ వేడిని తగ్గిస్తుంది.

కొత్త వస్తువేదీ కొనలేదు, ఎండలూ ముదరలేదు, అయినా యూనిట్లు పెరిగాయంటే మాత్రం అనుమానించాలి. మెయిన్ ఆన్‌లోనే ఉంచి ఇంట్లో స్విచ్చులన్నీ ఆపండి, ప్లగ్గులన్నీ తీయండి. అప్పటికీ మీటరులో యూనిట్లు తిరుగుతుంటే ఎక్కడో కరెంటు లీకవుతున్నట్టే. అది యూనిట్ల నష్టంతో ఆగేది కాదు, ప్రాణం మీదికి తెస్తుంది.

ఎర్త్ సంగతి ఇక్కడే వస్తుంది. కూలరు రేకుకు లోపలి వైరు తగిలిందనుకోండి. ఎర్త్ బాగుంటే ఆ కరెంటు భూమిలోకి పోతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది. ఎర్త్ సరిగ్గా పనిచేయాలంటే మట్టిలో తడి ఉండాలి. మనది ఎర్రమల కొండ, జానెడు తవ్వితే బండ తగులుతుంది. అందుకని పొట్టి ఇనుప కడ్డీ ఒకటి పాతి ఎర్త్ అయిపోయిందనిపిస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఆ మట్టి ఎండిపోతే ఫ్యూజు పోదు, కూలరు ముట్టుకున్నవాళ్లకు షాకు కొడుతుంది.

గుంతలో సుమారు రెండున్నర మీటర్ల పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలుగా వేయించాలి. బండ అడ్డొస్తే స్నానాల నీళ్లు పోయేవైపు మట్టి ఉన్న చోటు చూసుకోండి. ఎండాకాలమంతా రెండు మూడు రోజులకోసారి గుంతలో బిందెడు నీళ్లు పోయండి. పైసా ఖర్చు లేని పని ఇది. గండికోట రిజర్వాయరు కింద ఊరు పోయి పునరావాస కాలనీలో కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు వైరింగు మేస్త్రీని ముందు అడగాల్సింది ఎర్త్ ఎక్కడ తీశావని. రంగుల బల్బుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

దీంతోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. మనిషి ఒంట్లోంచి కరెంటు భూమిలోకి పోతుంటే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. దాని మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి, ట్రిప్ కాకపోతే మార్చాలి. ఎంసీబీ ఉందిగా అంటారు కొందరు. దాని పని వైర్లు కాలిపోకుండా చూడటం వరకే, షాకు నుంచి మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీయే.

కూలరులో నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు తీసే పోయాలి. ఫ్యూజులో లావు రాగి తీగ చుట్టొద్దు. బట్టల దండేనికి ఇనుప తీగ కాకుండా నైలాన్ తాడు కట్టండి, అదీ సర్వీసు వైరుకు దూరంగా. సర్వీసు వైరు తొడుగు చిట్లి దండెం తీగకు తగిలితే తడిబట్ట ఆరేసే ఆడవాళ్లకే ముందు షాకు తగిలేది.

ఎవరికైనా షాకు తగిలితే మనిషిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపండి. మెయిన్ అందకపోతే ఎండిన కట్టెతో వైరును పక్కకు తోసి, వెంటనే 108కి ఫోన్ చేయండి. వీధిలో లైను తెగిపడితే మాత్రం కట్టెతో కూడా దగ్గరికి పోవద్దు. దూరం నుంచే పిల్లల్ని, గొడ్లను ఆపి 1912కు ఫోన్ చేయండి.

అర్హత ఉండి కూడా సున్నా బిల్లు రానివాళ్లు మీటరు సర్వీసు నంబరు, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం తీసుకుని గ్రామ సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటును కలవండి. ఇంటి ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పమని ఆయన్నే అడగొచ్చు.