దూరదర్శినికి నిలుకడ

నిర్మలమైన రాత్రివేళ ఆకాశమును చూచినచో నక్షత్రములు కదలక నిలిచియున్నట్లు తోచును. కాని భూమి తన చుట్టు తాను తిరుగుచుండుటచే తారలు గంటకు 15 డిగ్రీల చొప్పున తూర్పునుండి పడమటికి సాగుచున్నట్లు కనబడును. కంటికిది మెల్లని నడకయే. నక్షత్రముల ఛాయాచిత్రములను తీయబూనినవారికి మాత్రము ఇదియే మొదటి చిక్కు.

మన కన్ను ఒక్క క్షణమున తనపై పడిన వెలుగునే గ్రహించును. ఛాయాఫలకమట్లు కాదు. చీమ గింజగింజగా ధాన్యమును కూర్చినట్లు, అది వెలుగును కొంచెము కొంచెముగా కూడబెట్టును. కావున కంటికి కానరాని తారలు సైతము దానిపై ముద్రపడును. అయితే ఆ సమయమంతయు తారయొక్క వెలుగు ఫలకముపై ఒక్కచోటనే పడుచుండవలెను.

1887లో పారిస్ నగరమున సమావేశమైన ఖగోళశాస్త్రజ్ఞులు ఆకాశమునంతను ఛాయాచిత్రములుగా తీసి, నక్షత్రముల పట్టికను కూర్చవలెనని నిశ్చయించి, ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క భాగమును పంచియిచ్చిరి. 1901లో నవాబు జఫర్ జంగ్ హైదరాబాదున నిజామియా వేధశాలను నెలకొల్పెను. 1907లో ఆయన మరణింపగా, మరుసటి యేట నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించెను. చిలీ దేశపు శాంటియాగో వేధశాలకు కేటాయింపబడిన భాగము, అనగా ఖగోళ మధ్యరేఖకు దక్షిణముగా 17 మొదలు 23 డిగ్రీల వరకు గల పట్టీ, తరువాత హైదరాబాదునకు వచ్చెను. 8 అంగుళముల కటకము గల కుక్ దూరదర్శినితో ఆ పని జరిగెను. చాట్‌వుడ్, పోకాక్ అను అధ్యక్షులు దానిని సాగించిరి. 1918లో పోకాక్ మరణించిన పిమ్మట టి. పి. భాస్కరన్ ఆ భారమును వహించెను.

ఆ పథకమున ఆకాశముపై డిగ్రీలో అరువదవ వంతు దూరము ఫలకముపై 1 మిల్లీమీటరుగా పడునట్లు ఏర్పాటు చేసిరి. దూరదర్శినిని త్రిప్పక ఉంచినచో, మధ్యరేఖ కడనున్న తార 4 సెకండ్లలో 1 మిల్లీమీటరు జరుగును. ఫలకమును 6 నిమిషములు తెరచియుంచినచో, చుక్కకు మారుగా 9 సెంటీమీటర్ల గీత పడును! కావున దూరదర్శినికి నిలుకడ యనగా తారతోపాటు తొణకక నడచుటయే. ఈ నిలుకడను నాలుగు విధములుగా పరీక్షింతురు.

మొదటిది ఆధారపరీక్ష. దూరదర్శినిని మోయు స్తంభమును నేలలోనుండి కట్టి, గది నేలతో దానికి సంబంధము లేకుండ చేయుదురు. లేనిచో మనిషి అడుగుల అదురు సైతము కటకమునకు ప్రాకును. ఒక తారను చూచుచు దూరదర్శినిని చేతితో మెల్లగా తట్టి, ఆ తార ఆట ఎన్ని సెకండ్లలో అణగునో లెక్కింతురు. వెంటనే అణగినచో ఆధారము గట్టిది. చాలసేపు ఊగినచో ఎచ్చటనో మర సడలినదని గ్రహింపవలెను.

రెండవది అక్షపరీక్ష. దూరదర్శిని ఏ ఇరుసుపై తిరుగునో అది భూమి ఇరుసునకు సమాంతరముగా నుండవలెను. వరంగల్లు నగరము సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. కావున అచ్చట ఆ ఇరుసు ఉత్తరముగా 18 డిగ్రీలు పైకి వాలియుండవలెను. ధ్రువతార ఆ దిక్కును ఇంచుమించుగ చూపునే కాని, దానికిని నిజమైన ధ్రువమునకును డిగ్రీకి లోపుగా ఎడము కలదు. కావున దక్షిణాకాశమున నడిరేఖపైనున్న తారనొకదానిని సన్నని దారముల కూడలిలో నిలిపి కొంతసేపు గమనింతురు. అది ఉత్తరమునకో దక్షిణమునకో జరిగినచో, ఇరుసు తూర్పునకో పడమటికో తొలగినదని తెలియును. తూర్పున నున్న తారను అట్లే పరీక్షించి, ఇరుసు ఎత్తును సరిచూతురు.

మూడవది నడకపరీక్ష. గడియారపు యంత్రము దూరదర్శినిని త్రిప్పును. దాని పండ్లచక్రములలో లోపమున్నచో తార తూర్పుపడమరలుగా ముందువెనుకలాడును. పైగా వాయుమండలము వెలుగును వంచుటచే తార నడక కొంత మారుచుండును. అందుచే ప్రక్కనే మరియొక దూరదర్శినిని బిగించి, పరిశీలకుడు దానిలో ఒక తారను విడువక చూచుచు తప్పులను సరిదిద్దుచుండును. నేడు ఈ కావలిపనిని చిన్న కెమెరాయు కంప్యూటరును చేయుచున్నవి.

కడపటిది చిత్రపరీక్ష. తారలు గుండ్రని చుక్కలుగా పడినచో అన్నియు సరిగా నున్నట్లే. తూర్పుపడమరలుగా సాగినచో యంత్రమును, ఉత్తరదక్షిణములుగా సాగినచో ఇరుసును శంకింతురు. అన్నియు ఒకే బిందువు చుట్టు వంపులుగా పడినచో ఇరుసు తొలగుటచే చిత్రము తిరిగినదని తలంతురు.

ఇంత శ్రమకు ఫలమేమి? నక్షత్రములు నిజముగనే కదలుచున్నవి. కాని మిక్కిలి దూరమున నుండుటచే వాని చలనము ఒకరి జీవితకాలములో కంటికి తెలియదు. పాత స్థానమును కొత్త స్థానముతో పోల్చిననే అది బయటపడును. హైదరాబాదు ఫలకములనుండి కొలిచిన లక్షలకొలది తారల స్థానములు సంపుటములుగా అచ్చయినవి. 1989లో ఐరోపావారు ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహము కొత్త స్థానములను కొలిచెను. ఆ కొలతలను హైదరాబాదు మొదలగు వేధశాలల పాత పట్టికలతో పోల్చి, 2000లో సుమారు 25 లక్షల తారల పట్టికను, చలనములతో సహా, ప్రకటించిరి. నాడు రాత్రులు మేలుకొని చుక్కను చెదరనీయక కాచినవారు ఈ ఫలమును చూడలేదు. ఆ చుక్క ఇసుమంత చెదరియున్నచో, నేటి లెక్క తప్పియుండెడిది.